సాగర్ గేట్లకు ఒక వెబ్ పేజీ

వానాకాలంలో శ్రీశైలం నిండి కిందికి నీళ్లు వదిలారన్న వార్త రాగానే నాగార్జునసాగర్ డ్యాం పక్కనున్న నందికొండలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. హైదరాబాదు నుంచి బంధువులు, సూర్యాపేట నుంచి స్నేహితులు, ఎప్పుడో పెళ్లిలో నంబరు తీసుకున్నవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, సాగర్ గేట్లు లేపిండ్రా?" అడగడానికి ఎవరూ లేనివాళ్లు ఇంటర్నెట్‌లో వెతుకుతారు. తెల్లటి నురుగుతో నీళ్లు దూకుతున్న వీడియో ఒకటి వస్తుంది. అది నిన్నటిదో, మూడేళ్ల కిందటిదో తేల్చుకునే దారి ఉండదు. పిల్లల్ని కారెక్కించుకుని నూట యాభై కిలోమీటర్లు వచ్చాక మూసి ఉన్న గేట్లు కనిపిస్తాయి.

ఈ లోటు తీర్చడానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఊళ్లోని హిల్ కాలనీలో ఉంటూ ఒక ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్న ఎవరైనా చిన్న వెబ్‌సైటు పెట్టవచ్చు. సైటు పెట్టాలన్న కోరిక చాలామందికి ఉంటుంది కానీ, వాళ్లలో ఎక్కువమంది రంగుల దగ్గరా లోగో దగ్గరా ఆగిపోతారు. హోం, అబౌట్ అస్, గ్యాలరీ, కాంటాక్ట్ అని నాలుగు పేజీలు తెరిచి, ఇక వాటిలో ఏం రాయాలా అని అప్పుడు ఆలోచిస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులు. జనం ఇప్పటికే అడుగుతున్న ప్రశ్న ఒకటి పట్టుకుని, దానికి సరైన జవాబును తేదీతో సహా ఒక్క పేజీలో పెట్టాలి. గ్యాలరీ తర్వాత వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

సాగర్ విషయంలో ఆ జవాబు నాలుగైదు అంకెలే. పూర్తి మట్టం 590 అడుగులు, ఈరోజు ఎంత? పూర్తి నిల్వ 312 టీఎంసీలు, ఈరోజు ఎంత? పైనుంచి వస్తున్నవి ఎన్ని క్యూసెక్కులు, కిందికి వదులుతున్నవి ఎన్ని? 26 క్రస్ట్ గేట్లలో ఎన్ని ఎత్తారు, ఎన్ని అడుగుల మేర? వీటి కింద "ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు, ప్రాజెక్టు అధికారులు ప్రకటించిన వివరాల ప్రకారం" అన్న వాక్యం ఒకటి ఉండాలి. అది లేకపోతే పై అంకెలు ఆ పాత వీడియోతో సమానం. అడుగున చిన్న వివరణ కూడా ఇవ్వవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, కాబట్టి సుమారు 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. పత్రికల్లో రోజూ ఈ రెండు మాటలూ చదువుతూ, ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎలా వెళ్లాలో తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. వరద హెచ్చరికలు మాత్రం మీ పని కాదు. నది ఒడ్డున ఉన్నవాళ్లు అధికారుల మాటే వినాలని పేజీలోనే స్పష్టంగా రాయండి.

ఇక పేరు. ఈ ఊరికి పేర్లు ఎక్కువ. చరిత్ర చదివేవాళ్లకు అది సరదాగానే ఉంటుంది, సైటు పెట్టేవాళ్లకే తలనొప్పి. 1952లో ప్రభుత్వం వేసిన ఖోస్లా కమిటీ పరిశీలించింది నందికొండ ప్రాజెక్టు అన్న పేరుతోనే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలేనాటికి అందరి నోటా నాగార్జునసాగరే. 2018లో మునిసిపాలిటీ ఏర్పడ్డప్పుడు పాత పేరు మళ్లీ బోర్డు ఎక్కింది. ఊళ్లోవాళ్లు హిల్ కాలనీ అనో పైలాన్ కాలనీ అనో అంటారు. అవతలి ఒడ్డున విజయపురి సౌత్ ఉంది, 2014 నుంచి అది వేరే రాష్ట్రం. నడుమ నీళ్లలో నాగార్జునకొండ, దాని మీద పురావస్తు ప్రదర్శనశాల. లాంచీ ఏ ఒడ్డు నుంచి ఎక్కాలో తెలియక ఒక ఒడ్డుకు చేరాల్సినవాళ్లు ఇంకో ఒడ్డుకు చేరడం ఇక్కడ కొత్తేం కాదు. కాబట్టి పేజీ శీర్షికలో వెతికేవాళ్ల మాట ఉండాలి. హైదరాబాదులో కూర్చున్న మనిషి "నందికొండ" అని కొట్టడు, "నాగార్జున సాగర్ డ్యాం" అని కొడతాడు, అదీ చాలాసార్లు ఇంగ్లిషు అక్షరాల్లో. శీర్షికలో సాగర్ పేరు పెట్టి, మొదటి రెండు వాక్యాల్లో మిగతా పేర్లు సహజంగా వచ్చేలా రాస్తే వెతుకుడు యంత్రాలకు చాలు. అదే మాటను ఇరవైసార్లు కుక్కితే లాభం లేదు, చదివేవాళ్లకు విసుగు తప్ప. "మీ సైటును గూగుల్ మొదటి పేజీలో పెడతాం, గ్యారంటీ" అని ఫోను చేసేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. అలాంటి గ్యారంటీ ఎవరి చేతిలోనూ లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అన్న ఉచిత సాధనంలో సైటును నమోదు చేసుకుంటే, జనం ఏ మాటలు కొట్టి మీ పేజీకి వస్తున్నారో అదే చూపిస్తుంది.

డొమైన్ పేరుకు ఒకటే పరీక్ష పెట్టుకోండి. ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి. "నంది"లో డి పక్కన హెచ్ వేసేవాళ్లు సగం, వేయనివాళ్లు సగం. చిన్న పేరు ఎంచుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. డాట్ ఇన్ పేర్లను నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తుంది. మనకు అమ్మేది దాని గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు అవుతుంది. మొదటి ఏడు చవకగా ఇచ్చి రెండో ఏటి నుంచి ధర పెంచడం ఈ వ్యాపారంలో మామూలే, అందుకే కొనేముందు రెన్యూవల్ ధర చూడాలి. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్ మీద ఉండాలి. సైటు చేసిచ్చిన కుర్రాడి ఖాతాలో కొంటే, అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక రెన్యూవల్ నోటీసు కూడా అతనికే వెళ్తుంది. గడువు దాటిన పేరు కొన్నాళ్లు ఆగి మళ్లీ బజార్లోకి వస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. తెలుగు లిపిలోనే పేరు కావాలంటే 2011లో ఆమోదం పొందిన డాట్ భారత్ ఉంది. ముచ్చటగా ఉంటుంది కానీ, కొన్ని ఫారాలూ మెయిల్ ఖాతాలూ ఆ చిరునామాను ఇంకా ఒప్పుకోవు. రెండో పేరుగా ఉంచుకోండి.

పేరు కొట్టి ఎంటర్ నొక్కాక ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెల చిరునామాలే తెలుసు. పేరుకు అంకె వెతికిపెట్టే పద్ధతి డీఎన్ఎస్. దీన్ని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. ఒకసారి దొరికిన జవాబును దారిలోని యంత్రాలు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపన్నది మనమే సెకన్లలో చెబుతాం, 3600 అంటే గంట. కొత్తవాళ్లు సైటును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి, అయిదు నిమిషాలకే "నా ఫోన్లో పాతదే వస్తోంది" అని కంగారుపడేది ఇందుకే. ఆ వ్యవధి తీరేదాకా టీ తాగి రావచ్చు. అంకె దొరికాక బ్రౌజరూ సర్వరూ మధ్యలో ఎవరూ చదవలేని రహస్య సంధానం కుదుర్చుకుంటాయి. చిరునామా మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్ ఇదే. దీనికి కావలసిన ధ్రువపత్రాన్ని ఒకప్పుడు డబ్బు పెట్టి కొనేవాళ్లు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. 90 రోజుల గడువుతో వచ్చే ఆ పత్రాన్ని సైటు ఫైళ్లను ఉంచే మంచి హోస్టింగ్ సంస్థలు తమంతట తామే పునరుద్ధరిస్తాయి. ఆ తర్వాత వచ్చేది హెచ్‌టీఎంఎల్ అనే మామూలు అక్షరాల ఫైలు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ ప్రయోగశాలలో తయారుచేసిన ఈ వెబ్‌ను ఆ సంస్థ 1993 ఏప్రిల్ 30న అందరికీ ఉచితం చేసింది. అందుకే పేజీ రాయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఖర్చల్లా పేరుకూ, ఫైలు ఉంచే చోటుకూ.

ఆ చోటు ఎలాంటిది కావాలన్నది గేట్లు లేపిన ఆదివారం తేలుతుంది. మామూలు రోజుల్లో పదిమంది చూసే పేజీని ఆరోజు వేలమంది ఒకేసారి తెరుస్తారు. వర్డ్‌ప్రెస్ లాంటి సైటు నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ప్రత్యేక ఏర్పాటేదీ చేసుకోకపోతే, పేజీ ముందుగా తయారై ఉండదు. అడిగిన ప్రతిసారీ ఒక ప్రోగ్రాం నడిచి, డేటాబేసులోంచి వివరాలు తీసి, పేజీని కూర్చి పంపుతుంది. చవక హోస్టింగులో ఒకే సర్వరును అనేక సైట్లు పంచుకుంటాయి కాబట్టి, రద్దీ వచ్చినప్పుడు సరిగ్గా మీ అవసరం ఉన్న గంటలోనే సైటు పడిపోతుంది. స్టాటిక్ సైటులో ఈ కూర్పు ఉండదు. ముందే రాసిపెట్టిన ఫైలును ఉన్నదున్నట్టు పంపడమే. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై లాంటివి ఇలాంటి సైట్లను ఉచితంగా ఉంచుతాయి. రోజుకు రెండుసార్లు మారే నాలుగు అంకెల పేజీకి నా ఓటు స్టాటిక్‌కే. వర్డ్‌ప్రెస్ చెడ్డదని కాదు, ప్రపంచంలో సగానికి కాస్త తక్కువ సైట్లు దానిమీదే నడుస్తున్నాయి. రోజూ వ్యాసాలు రాసేవాళ్లకు, పదిమంది కలిసి నడిపే పత్రికకు అది బాగా పనికొస్తుంది. కాకపోతే దాన్నీ, దానికి తగిలించిన ప్లగిన్లనూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే దొంగలు దూరేది ఆ దారినే. లాడ్జి గదులు అద్దెకిచ్చే సైటు పెట్టేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. గిట్‌హబ్ తన ఉచిత చోటును ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి వాడొద్దంటుంది. వాళ్లు డబ్బు కట్టే హోస్టింగే చూసుకోవాలి.

ఉచిత చోటుకూ హద్దుంటుంది. గిట్‌హబ్ పేజెస్ సూచించే పరిమితి నెలకు 100 జీబీ. పేజీ బరువు 200 కేబీ ఉంటే ఆ హద్దులో 5 లక్షల సార్లు తెరవవచ్చు. అదే పేజీలో ఫోను కెమెరా ఫొటో ఒకదాన్ని ఉన్నదున్నట్టు పెట్టి 5 ఎంబీ చేస్తే 20 వేల సార్లకే అయిపోతుంది. చూసేవాళ్ల డేటా, ఓపిక కూడా దాంతోపాటే అయిపోతాయి. ఘాట్ రోడ్డు మలుపులో ఒక గీత సిగ్నలుతో మీ పేజీ కోసం చూస్తున్న మనిషిని తలుచుకుని ఫొటోలు తగ్గించండి. ఫోను తెరమీద 1200 పిక్సెళ్ల వెడల్పు దండి. దాన్ని వెబ్‌పీ రూపంలోకి మారిస్తే చాలా ఫొటోలు ఒకటి రెండు వందల కేబీల్లో సర్దుకుంటాయి. ఫొటో ఫైలులో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. డ్యాం ఫొటోకైతే ఫరవాలేదు, ఇంట్లో తీసిన పిల్లల ఫొటోకైతే ఆ వివరం తుడిచేయాలి.

ఇప్పుడు అసలైన సంగతి, తెలుగు. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల విజయపురిలోంచి తీయగలిగినవి తీసి, కొన్ని కట్టడాలను కొండమీద, కొన్నింటిని అనుపులో మళ్లీ నిలబెట్టింది. తెలుగు వెబ్‌కూ అలాంటి ముంపు ఒకటి వచ్చింది, కానీ తవ్వితీయడానికి అంత పెద్ద బృందం రాలేదు. 1991లోనే యూనికోడ్ అనే అక్షరాల ప్రమాణం తెలుగు అక్షరాలకు స్థానాలు కేటాయించినా, మామూలు కంప్యూటర్లు వాటిని సరిగా చూపించడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది 2001లో. ఈలోగా ఈనాడు మొదలుకుని చాలా పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లవి. ఫాంటు ఉన్నన్నాళ్లూ తెలుగు, అది పోతే పిచ్చి అక్షరాలు. కాపీ చేసినా పిచ్చి అక్షరాలే, వెతుకుడు యంత్రానికీ అవే కనిపించేవి. ఆ రాతల్ని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే సాధనాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిందీ ఆయనే. అప్పట్లో వెబ్‌లో ఉన్న తెలుగులో మార్చకుండా మిగిలిపోయినది చాలావరకు ఇప్పుడు చదవడానికి అందదు.

ఇది పాత కథ అనుకోవద్దు. హాలియాలోనో మిర్యాలగూడలోనో డీటీపీ సెంటర్లో కరపత్రం చేయిస్తే అది ఎక్కువగా అలాంటిదే అయిన అను ఫాంటులో ఉంటుంది. ఆ ఫైలులోని మాటలు సైటులో అతికిస్తే మళ్లీ అవే పిచ్చి అక్షరాలు. అది చూసి చాలామంది కరపత్రం మొత్తాన్నీ బొమ్మగా పెట్టేస్తారు. కంటికి బాగానే ఉంటుంది. కానీ మాటగా వెతికినవాళ్లకు అది సరిగా చిక్కదు, చూపులేనివాళ్ల ఫోనులోని టాక్‌బ్యాక్ దాన్ని సరిగా చదవలేదు, చిన్న తెరమీద అక్షరం పెద్దదవదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి. నాలుగు అంకెల పేజీకైతే ఫోను కీబోర్డులో నేరుగా తెలుగులో కొట్టడమే సులువు.

యూనికోడ్ లోపల జరిగేది ఆసక్తికరమైన లెక్క. తెలుగుకు అందులో కేటాయించినవి 128 స్థానాలే. వత్తులు, గుణింతాలు కలిసిన అక్షరాలకు వేరే స్థానాలుండవు, విడి గుర్తులు వరుసగా నిలబడితే ఫాంటు వాటిని కలిపి చూపిస్తుంది. "నందికొండ" అంటే కంప్యూటరుకు న, సున్న, ద, గుడి, క, ఒత్వం, సున్న, డ. ఎనిమిది గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 24. పేజీలో ఇది బరువే కాదు. పేజీ చిరునామాలో మాత్రం ఇబ్బంది వస్తుంది. అక్కడ ఒక్కో బైటును శాతం గుర్తుతో మూడు అక్షరాలుగా రాస్తారు కాబట్టి, తెలుగు లిపిలో పెట్టిన "నందికొండ" కాపీ చేసేసరికి 72 అక్షరాల చాంతాడు అవుతుంది. వాట్సాప్‌లో ఆ లింకు చూసినవాళ్లు వైరస్ అనుకుని వదిలేస్తారు. మాటలు తెలుగులో, చిరునామా పొట్టి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచడం ప్రస్తుతానికి మేలు.

ఫైలు పైభాగాన కంటికి కనిపించని నాలుగు వాక్యాలు తప్పనిసరిగా ఉండాలి. అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని ఒకటి. భాష తెలుగు అని ఒకటి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ గొంతు ఎత్తుకోవాలో దీన్నిబట్టే తెలుసుకుంటుంది. మూడోది వ్యూపోర్ట్. ఇది లేకపోతే ఫోను బ్రౌజరు పేజీ వెడల్పు 980 పిక్సెళ్లని ఊహించుకుని అక్షరాలను చీమల బారు చేస్తుంది. నాలుగోది వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు దాని కింద కనిపించాల్సిన పేరు, వివరణ, బొమ్మ. మన ప్రాంతంలో సైటు చేతులు మారేది వాట్సాప్ గ్రూపుల్లోనే, దీన్ని నిర్లక్ష్యం చేయకండి. తెలుగు వరుసల మధ్య ఇంగ్లిషుకన్నా ఎక్కువ జాగా వదలాలి, అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఉంచితే వత్తులు కింది వరుస గుడులకు తగలవు. ఫాంటు ప్రత్యేకంగా పెట్టకపోయినా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ముందే ఉంటుంది. శీర్షికకు అందం కావాలంటే మండలి, రామభద్ర, సురవరం లాంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఒకటి చాలు.

కట్టడం ఇంతే. నడపడం వేరే పని, దానికి తెలివికన్నా క్రమం కావాలి. ఉదయం ఒక వేళ, సాయంత్రం ఒక వేళ పెట్టుకుని అంకెలు మార్చాలి. ఊరెళ్లాల్సి వస్తే "ఈ తేదీ తర్వాత కొత్త వివరాలు పెట్టలేదు" అని రాసి వెళ్లాలి. ఆ మాట రాయడానికి నామోషీ పడేవాళ్ల సైటులోనే మూడు వారాల కిందటి మట్టం తాజా మట్టంలా నిలబడి ఉంటుంది. ప్రదర్శనశాల వేళలు, లాంచీ వేళలు రాస్తే వాటికీ తేదీ వేయండి. పురావస్తు శాఖ ప్రదర్శనశాలలకు సాధారణంగా శుక్రవారం సెలవు, ఆ ఒక్క ముక్క కొన్ని కుటుంబాలకు ఒక రోజు మిగులుస్తుంది. సంప్రదించడానికి ఫారం పెడితే పేరు, ప్రశ్న అడగండి, ఆధార్ నంబరు లాంటివి అసలు అడగొద్దు. 2023 డేటా రక్షణ చట్టం తర్వాత ఇతరుల వివరాలు దాచుకోవడం బాధ్యతతో కూడిన వ్యవహారం, అవసరం లేనిది తీసుకోకపోతే కాపాడే పనీ ఉండదు.

పాత పేజీల్ని చెరపొద్దు. బెర్నర్స్-లీ 1998లోనే చిరునామాలు మార్చొద్దని ఒక వ్యాసం రాశాడు. ఈ ఏటి వరద పేజీకి వేరే సైటు ఎవరో లింకు ఇచ్చి ఉంటారు, దాన్ని తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. రోజువారీ అంకెల్ని ఒక పట్టికలో చేరుస్తూ పోతే అయిదారేళ్లలో సాగర్ మట్టాల చరిత్ర మీ దగ్గరే తయారవుతుంది. కాలేజీ పిల్లలు ప్రాజెక్టుకని దానికోసం వస్తారు. ఆ పట్టిక, పేజీల ఫైళ్లు మూడుచోట్ల ఉండాలి: సర్వరులో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోనో మరో ఖాతాలోనో ఒకటి. డొమైన్ ఖాతాకూ, దానికి కట్టిన మెయిల్‌కూ రెండంచెల భద్రత పెట్టుకోవాలి. ఆ మెయిల్ పోతే డొమైన్ పోయినట్టే. ఖాతాల వివరాలు, డొమైన్ గడువు తేదీ రాసిన కాగితం ఇంట్లో ఇంకొకరికి తెలిసినచోట ఉంచండి.

వచ్చే వానాకాలానికి సిద్ధంగా ఉండాలంటే ఫిబ్రవరి, మార్చిలో పేరు కొనుక్కుని, ఎండాకాలమంతా రోజూ మట్టం రాయడం అలవాటు చేసుకోవచ్చు. మట్టం కనీస నీటిమట్టమైన 510 అడుగుల వైపు దిగుతున్న ఆ రోజుల్లో చూసేవాళ్లు ఎక్కువమంది ఉండరు, తప్పులు దిద్దుకోవడానికి అదే మంచి కాలం. గేట్లు లేచే రోజున నేర్చుకుందాంలే అనుకుంటే, ఆరోజు డ్యాం దగ్గర ఫోనుకు నెట్‌వర్క్ కూడా దొరకదు.